ఇప్పవాగుకు మిగిలిన సొంత మోకాలు

1

మీరే. ఇది చదువుతున్న మీరే మా బాటను పోగొడుతున్నారు. అటూ ఇటూ చూడకండి, వెనకాల ఎవరూ లేరు. మోకాలు కాస్త పట్టేసిందని బస్టాండులో వైద్యపెట్టె ముందు నిలబడి, అది "మోటారు వేయమంటారా?" అని అడగ్గానే తలూపింది మీరు కాదా? నొప్పి లేదు, ఖర్చు లేదు, చాయ్ తాగినంత సేపట్లో పని అయిపోయింది. ఇంటికెళ్ళి మెట్లెక్కుతూ ఈల కూడా వేసి ఉంటారు. మీరందరూ తలూపిన బరువు ఇప్పుడు నా ఎడమ మోకాలి మీద పడింది. ఆ మోకాలు నిన్న చిరిగింది.

నా పేరు దుర్గం సులోచన. ఏభై దాటాను. ఇప్పవాగు గోడపత్రిక రాసేది నేనే. గిట్టనివాళ్ళు దాన్ని తిట్ల బోర్డు అంటారు, అనుకోనివ్వండి. సవారీ అయ్యేదాకా ఈ గోడ మీద వ్యాసాలుండవు. నా మోకాలి కబుర్లే ఉంటాయి. ఎందుకంటే ఇప్పుడు ఈ ఊరి రాజకీయమంతా ఆ మోకాలిలోనే ఉంది.

నిన్న పొద్దున సైకిలు మీద కొండ ఘాటు దిగుతున్నాను. సవారీ కోసం రోజూ చేసే సాధనే. మలుపులో పొదల్లోంచి ఒక కోడెదూడ వచ్చి బాట మధ్యలో నిలబడింది. బ్రేకు నొక్కాను. దూడ కదల్లేదు, నెమరు కూడా ఆపలేదు. నేను మాత్రం సైకిలుతో సహా కాలవలో పడ్డాను. పడేటప్పుడు మోకాలి లోపల గుడ్డ చింపినట్టు చప్పుడైంది.

లిగమెంటు సగం తెగిందంది వైద్యపెట్టె. వెంటనే దాని మామూలు ప్రశ్న అడిగింది. వద్దన్నాను. ఇంకాస్త తీయగా అడిగింది. వద్దన్నాను. కారణం చెప్పమంది. సవారీకి పోవాలన్నాను.

"మోటారు తర్వాత మీరు ఇంకా బాగా తొక్కగలరు" అంది.

తొక్కగలను. ఆ సంగతి నాకు చెప్పాలా? కానీ అప్పుడు మనిషిగా లెక్కకు రాను.

ఈ దారి తెలియనివాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళకోసం ఒక్క ముక్క. గోదారి నుంచి పెన్‌గంగ దాకా పోయే దారిలో నున్నటి వరుసలన్నీ తోలేవాడు లేని లారీలవి. తెల్లగీత దాటి ఆ వరుసల్లో అడుగు పెట్టే హక్కు మనిషికి లేదు. ఎడమ అంచున మిగిలిన సన్న బాట ఒక్కటే మనది. పిల్లలు బడికి పోయేది, ఆడవాళ్ళు ఆకులు కోసుకొచ్చేది, పీనుగను మోసుకెళ్ళేది కూడా దానిమీదే. ఆ బాట మనకుండాలంటే ఏటా చలికాలంలో ప్రతి ఊరి నుంచీ ఒకరు, ఒంట్లో యంత్రం లేనివారు, పొద్దుగూకేలోపు ఈ నది నుంచి ఆ నది దాకా సైకిలు తొక్కాలి. అదే సవారీ. ఏ ఊరి మనిషి చేరకపోతే ఆ ఊరి ముక్క లారీల్లో కలిసిపోతుంది. దారి సంస్థ మా పెద్దలతో చేసుకున్న ఒప్పందం ఇది.

పోయినేడు బండలొద్ది మనిషి ఘాటు మధ్యలో వాంతి చేసుకుని కూలబడ్డాడు. అక్కడ మా పెద్దమ్మ బిడ్డ రాజవ్వ ఉంది. బాటతో పాటు అక్కడ దారి దాటే చోటూ మూసేశారు. దారికి అవతల, తన గడపలోంచి చూస్తే కనిపించే తన జొన్నచేనుకు పోవాలంటే ఇప్పుడామె ఎక్కడో ఉన్న వంతెన దాకా నడిచి, అవతలి గట్టున మళ్ళీ అంతా వెనక్కి నడవాలి. చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. పిట్టలు అప్పటికే తినిపోతాయి.

ఇప్పవాగులో పెడలు తొక్కగల సొంత మోకాళ్ళు నావే మిగిలాయి. మిగతావి పిల్లలవి, బాలింతలవి, మంచాన పడ్డవాళ్ళవి. నేను తయారు కాకపోతే మన వాకిళ్ళ ముందే లారీలు పోతాయి. ఇప్పుడు చెప్పండి, పోగొట్టింది మీరు కాదా?

2

నా మోకాలిని బాగు చేయడానికి కుమ్ర సోంబాయి మేడం ఒప్పుకుంది. ఒకప్పుడు జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గది ఆమెదే. ఎముక విరిగినవాళ్ళను, పక్షవాతం వచ్చినవాళ్ళను నెలల తరబడి కూర్చోబెట్టి, లేపి, నడిపించేది. మోటార్లు రాగానే ఆ గది మూసి, వాటికి కరెంటు ఎక్కించే గది చేశారు. ఆమెను ఇంటికి పంపారు. ఇప్పుడు ఇంట్లో ఆమె చేతికి చిక్కిన రోగిని నేనొక్కదాన్నే. అన్నేళ్ళ కసి నా మీద తీర్చుకుంటోందేమో అనిపిస్తుంది.

"మడువు."

"మడిచిన గద మేడం."

"గిది మడుచుడా? సిగ్గువడ్డ కొత్త కోడలు కాళ్ళు దగ్గరికి తీసుకున్నట్టున్నది. ఇంకా మడువు."

"నొప్పి! నొప్పి లేస్తున్నది!"

"నువ్వు ఒర్రుతున్నవా, ఉపన్యాసమిస్తున్నవా? నీ గొంతుల రెండూ ఒక్క తీర్గనే ఉంటయి, నాకెట్ల తెలువాలె?"

మా ఆయన పోశెట్టి పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతూ నవ్వాడు. నేను ఆయన్ను పేరు పెట్టి పిలుస్తానని ఊళ్ళో పెద్దవాళ్ళకు ఇప్పటికీ మంట. పిలుస్తాను. "పోశెట్టీ, నవ్వితే రొట్టె మాడుతది" అన్నాను. నిజంగానే మాడింది.

వంటింటి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అదమాలి. వదలాలి. మళ్ళీ అదమాలి. చీలమండకు జొన్నల సంచి కట్టి కాలు ఎత్తాలి, దించాలి. ఇదీ పొద్దున. ఇదే మధ్యాహ్నం. సాయంత్రం కూడా ఇదే. పోరాటమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. ధర్నాలు చేశాను, లాఠీలు తిన్నాను, పోలీసు బండిలో పాటలు పాడాను. కానీ తువ్వాలు చుట్టను మోకాలితో అదిమి వదలడం ఏ రకం పోరాటం? దీనికి నినాదం ఏమిటి? ఎవరి మీద అరవాలి?

"సవారీ నాటికి అయితదా మేడం?" అని అడిగాను.

సోంబాయి మేడం మోకాలి చిప్పను వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూసింది. "మోకాలు తయారైతది. దాని మీదున్న మనిషి సంగతే నాకు తెల్వది."

ఈ దేశంలో గుండెలో కవాటం పాడైతే కొత్తది వేస్తారు, కన్ను పాడైతే కొత్తది పెడతారు. మంచిదే, నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ ఒక మోకాలిని దాని మానాన మాననివ్వడానికి కావాల్సిన ఓపిక మాత్రం ప్రభుత్వం దగ్గర లేదు. ఓపికను లారీలో ఎక్కించలేరు కదా, అందుకని. రాసి పెట్టుకోండి, మోటారు ఉచితంగా ఇచ్చేది మన మీద ప్రేమతో కాదు. ఒక్కో మోటారుతో బాట మీద ఒక్కో మనిషి తగ్గుతాడు.

3

ఈ వారం బాట మీద మొదటిసారి నడిచాను. చేతిలో కర్ర, పక్కన పోశెట్టి.

ఊరి చివర కొంగ ఉంది. కొంగంటే దారి సంస్థ పాతిన తెల్ల స్తంభం. పొడుగ్గా ఉండి, పైన మెడ వంచుకుని బాటలోకి చూస్తూ ఉంటుంది. దాని కన్ను మనిషి ఒంట్లోకి చూస్తుంది. నన్ను చూసి ఏమీ అనలేదు. పోశెట్టి బాట మీద కాలు పెట్టగానే అరిచింది.

"వాహనం. దయచేసి మీ వరుసలోకి మారండి."

పోశెట్టి మామూలుగా పక్కకు దిగి తుమ్మపొదల్లోంచి నడిచాడు. మోటారు మోకాళ్ళ వాళ్ళందరూ అలాగే నడుస్తారు. బాట పక్కన వాళ్ళు నడిచి నడిచి ఎర్రమట్టిలో ఇంకో సన్న బాట పడింది. వాన పడితే అది బురద. వాహనాలు కాబట్టి లారీల వరుసలోకి పొమ్మంటుంది కొంగ. లారీల మధ్య ఎవరు నడుస్తారు? అందుకే పొదలు.

ఈయన ఒకప్పుడు ఇప్పవాగు సవారీ మనిషి. ఆ సంగతి కొత్తగా వచ్చిన కోడళ్ళకు తెలియదు. ఘాటు ఎక్కేటప్పుడు అలిసినవాళ్ళ వీపు మీద వెనకవాళ్ళు అరచెయ్యి పెట్టి నెట్టడం సవారీలో మొదటి ఏడాది నుంచీ ఉన్న రివాజు. ఏ ఊరివాళ్ళైనా సరే, ముందున్న వీపు ఎవరిదైనా సరే. 'వీపుచెయ్యి' అంటారు దాన్ని. మనిషి చెయ్యి కాబట్టి కొంగలు కూడా ఒప్పుకుంటాయి. పోశెట్టి అరచెయ్యి చేటంత. అది వీపు మీద పడితే ఘాటు సగం తగ్గినట్టుండేదని నీలగొండి ఊరి ముస్తఫా ఇప్పటికీ చెప్తాడు. తర్వాత ఈయన కూడా మీలాగే పెట్టె ముందు నిలబడి తలూపి వచ్చాడు.

"ముళ్ళు గుచ్చుకుంటలేవా?" అనడిగాను పొదల్లోకి చూసి.

"అలవాటే" అన్నాడు.

"తలూపినప్పుడు సోయి లేకపాయె?"

నడుస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఆయన మోకాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఆదివారం కదా, మోటార్లకు అప్‌డేట్. రేగుచెట్టు పక్కన ఒక కాలు ముందుకు పెట్టి బొమ్మలా నిలబడ్డాడు. అది పూర్తయ్యేదాకా రేగుపళ్ళు కోసి తింటూ నాకూ విసిరాడు. నవ్వొచ్చింది. నవ్వినందుకు కోపమొచ్చింది.

4

తప్పు నాది కాదు, రాజవ్వ ఫోనుది.

"చెల్లే, ఇయాల లారీ కింద మా బర్రె పడ్డదే" అని ఏడ్చింది. "అటు గడ్డి జూసి ఉరికింది. బర్రెకేం తెలుసు గీత? నువ్వన్న మీ ఊరి బాట పోనియ్యకు."

ఫోను పెట్టేశాను. జొన్నల సంచి విప్పేశాను. సోంబాయి మేడం ఇంకా సైకిలు ముట్టొద్దంది. ముట్టాను. ఊరు దాటాను, ఎదురుగాలి కూడా హాయిగా అనిపించింది. లారీలు పక్కనుంచి పోతుంటే వాటిని పేరుపేరునా తిట్టాను, వాటికి పేర్లు లేకపోయినా. ఘాటు మొదలుదాకా వెళ్ళాను. మొదటి ఎత్తులో లేచి నిలబడి తొక్కుదామని ఎడమకాలి మీద బరువు వేశాను.

ఇంటికి ఎలా వచ్చానో అడక్కండి. మోకాలు గుమ్మడికాయంత అయింది.

సోంబాయి మేడం వచ్చి చూసింది. తిట్టలేదు. దాంతో ఇంకా భయం వేసింది. చెప్పులు వేసుకుంటూ అంది:

"నీ మోకాలు నీ గోడపత్రిక గాదు సులోచనా, కోపమొచ్చినప్పుడల్లా రాసి అంటియ్యడానికి. ఇగ నేను రాను."

ఆమె వెళ్ళాక ఆ కోపమంతా తిప్పి పోశెట్టి మీద పోశాను. ఎవరి మీదైనా పోయాలి కదా. మీరందరూ మోటార్లకు అమ్ముడుపోయారన్నాను. నువ్వు లొంగిపోయావన్నాను. నువ్వు ఆ రోజు నిలబడి ఉంటే ఈ రోజు నేను ఈ వయసులో ఘాటు ఎక్కాల్సిన ఖర్మ ఉండేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఐసు గుడ్డ నా మోకాలి మీద పెట్టి, సర్ది, అప్పుడు మాట్లాడాడు.

"మూడేండ్లు పాయిఖానల కూసోలేక తలుపు వట్టుకొని ఏడ్చిన. నీకు మీటింగులుండె. పెట్టె మోటరేస్తనన్నది, ఏపిచ్చుకున్న. కూసున్న. కూసుంటే ఎంత సుఖమో నీకేం తెలుసే? నేను లొంగలే. కూసున్న. గంతే."

"దానికోసం బాట..."

"ఏ బాట?" మొదటిసారి గొంతు పెంచాడు. "ఎవల బాట? నువ్వు కాళ్ళిరగ్గొట్టుకొని కాపాడుతున్న బాట మీద నేను నడువొద్దు. మీ మేనమామ నడువొద్దు. నీ గోడపత్రిక సదివెటోళ్ళు సగం మంది నడువొద్దు. మమ్ముల జూసి కొంగ బండి అంటది, నువ్వు ద్రోహి అంటవ్. కొంగకూ నీకూ ఏం ఫరకున్నదే సులోచనా? అది కూడ లోపటికి జూసే మాట్లాడుతది."

ఐసు కరిగి చాప మీదకు కారింది. ఆయన గిన్నె పట్టుకుని లేచాడు, మోకాళ్ళు కుయ్యిమన్నాయి.

5

ఓడిపోయిన వాదనను ఒప్పుకునే అలవాటు నాకు లేదు. ఇప్పుడూ ఒప్పుకోవడం లేదు. వాదనను పొడిగిస్తున్నాను, అంతే.

బాట మనిషిది అని ఇన్నేళ్ళు రాశాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను, ఒంటికాలి మీదైనా. కానీ మనిషెవరో తేల్చే పని దారి సంస్థకు ఎవరిచ్చారు? ఒప్పందం రాసిన రోజున మోకాలి మోటార్లు ఎక్కడున్నాయి? 'ఒంట్లో యంత్రం లేనివారు' అని ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఇప్పుడు తెలుస్తోంది. ముందు ఆ షరతు పెట్టారు, తర్వాత యంత్రాన్ని ఉచితంగా పంచారు. ఈ రెండింటి మధ్య మనల్ని ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పారు. నా పంతం చూసి దారి సంస్థ ఎంత సంబరపడి ఉంటుందో! దానికి కూలి లేని కావలిదాన్నయ్యాను. మొదటి వారం ఈ గోడ మీద మిమ్మల్ని తిట్టాను కదా. ఆ తిట్టు చెరపను. కానీ చిరునామా మారుస్తున్నాను.

సోంబాయి మేడం ఇంటికి కర్రతో నేనే వెళ్ళాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనె తీస్తోంది.

"నేను జెప్పినట్టు ఇంటవా?"

"ఇంట."

"కాలు ఎత్తేటప్పుడు దారి సంస్థ ముచ్చట ఎత్తొద్దు."

ఇది కష్టమైన షరతు. ఒప్పుకున్నాను.

మళ్ళీ తువ్వాలు. మళ్ళీ జొన్నల సంచి. వాపు దిగడానికి చాలా రోజులు పట్టింది. పోశెట్టి వెనక చక్రం లేచి ఉండేలా వాకిట్లో కొయ్యల మధ్య సైకిలు బిగించాడు. మొదట పెడలు సగం తిరిగి ఆగేది. నేను తిట్టేదాన్ని, సైకిలుకు మాత్రమే వినబడేలా. ఒక పొద్దున పెడలు పైదాకా వచ్చి, అటు దిగి, మళ్ళీ వచ్చింది. గుండ్రంగా! ఊరంతా పిలుద్దామనిపించింది. సోంబాయి మేడం "ఊఁ, ఇంకోసారి" అంది. సంతోషపడే కార్యక్రమం ఆమె చికిత్సలో లేదు.

చివరికి ఆమె చెప్పిందేమిటంటే, చదును దారిలో మోకాలు నిలబడుతుంది, ఘాటు మీద ఒంటరిగా నిలబడదు. "ఎవలన్న వీపుచెయ్యి వెయ్యాలె. లేకుంటె నడుమ కూలవడ్తవ్, నేను ముందే జెప్తున్న."

నీలగొండి నుంచి ముస్తఫా వచ్చి హామీ ఇచ్చాడు. అక్కడ సైకిళ్ళ దుకాణం ఆయనదే, ఏటా ఆ ఊరి తరఫున తొక్కేదీ ఆయనే. "ఫికర్ జెయ్యకు అక్కా. పోశెట్టి భాయ్ నన్ను ఎన్నిసార్లు నూకలే? ఇప్పుడు నా బారి, నా వంతు."

6

సవారీ.

గోదారి ఒడ్డున మంచు. ఊరికొకరు చొప్పున అందరం వరసగా నిలబడ్డాం. పోయినేటి కంటే పలచగా ఉన్నాం. అక్కడి కొంగ ఒక్కొక్కరి ఒంట్లోకి చూసి ఊరి పేరు చదివింది. ఇప్పవాగు అన్నప్పుడు నా మోకాలి దగ్గర కాసేపు ఆగింది. ఆగి, వదిలేసింది.

చదును దారిలో బాగానే తొక్కాను. ఇప్పవాగు దాటుతుంటే పిల్లలు వెంట ఉరికారు. పొదల బాట నుంచి మోటారు మోకాళ్ళ వాళ్ళు చేతులూపారు. నేనూ ఊపాను. పోశెట్టి వాళ్ళలో లేడు. ఎక్కడికి పోయాడో అనుకున్నాను.

ఘాటు మొదలైంది. ముస్తఫా చెయ్యి నా వీపు మీద. "దబాయించి తొక్కు అక్కా, దబాయించు." మొదటి మలుపు. రెండో మలుపు. అక్కడ ఆయన గొలుసు తెగింది. సైకిళ్ళ దుకాణం వాడి గొలుసు! ఆయన ఉర్దూలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. "నువ్వు నడువు, జోడిచ్చి వస్త" అని అరిచాడు. మిగతావాళ్ళు ముందుకెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్ని.

మోకాలు వణకడం మొదలైంది. నొప్పి కాదు. నొప్పైతే కోపంతో తొక్కేదాన్ని. ఇది వేరు. లోపల ఎవరో పట్టు వదిలేస్తున్నట్టు. సైకిలు నిలబడినంత మెల్లగా అయింది. ఎదురుగా రాజవ్వ బర్రె కనిపించింది. నిజంగా కాదు, కానీ కనిపించింది. మా వాకిట్లోంచి లారీలు పోతున్నట్టు వినిపించింది.

పొదలు కదిలాయి. తల నిండా తుమ్మాకుతో పోశెట్టి బయటికొచ్చాడు. తెల్లవారకముందే బయల్దేరి ఘాటంతా పొదల్లోంచి ఎక్కాడట, నీళ్ళసీసా పట్టుకుని.

"కొంగ!" అన్నాను.

"గీ మలుపుల లేదు. పైన ఉన్నది. మోటరు మోకాళ్ళల్ల ఉన్నది, చెయ్యిల లేదు గద? ముందుకు జూడు, నన్ను జూడకు."

నాకూ అదే సబబనిపించింది. చెయ్యి మనిషిదే కదా. వీపుచెయ్యి రివాజే కదా. నెట్టేవాళ్ళ మోకాళ్ళలో ఏముందన్నది ఇన్నేళ్ళ సవారీలో ఎవరూ అడగని ప్రశ్న, మేమూ అడగలేదు.

చేటంత అరచెయ్యి వీపు మీద పడింది. ముస్తఫా చెప్పింది నిజం. ఘాటు సగం అయింది. పోశెట్టి ఎగపోయకుండా పక్కనే నడుస్తున్నాడు, మోకాళ్ళు కుయ్యికుయ్యిమంటూ. చివరి ఎత్తులో నాకు ఏడుపొచ్చింది. ఎదురుగాలి అనుకోండి.

ఘాటు కొసన అందరూ నీళ్ళు తాగుతూ ఆగి ఉన్నారు. నేను చేరగానే చప్పట్లు కొట్టారు. కొంగ మెడ తిప్పింది.

"ఇప్పవాగు సవారీ రద్దు. ఈ వ్యక్తిని వాహనం నెట్టింది."

చప్పట్లు ఆగిపోయాయి.

7

ఇది ఘాటు కొసన, బాట మీద కూర్చుని రాస్తున్నాను. మోకాలు మళ్ళీ గుమ్మడికాయే. తర్వాత జరిగింది మీకు తెలియాలి. మిగతా కొంగలు వాటి మాట చెప్పకముందే మా మాట చెప్పాలి.

కొంగతో వాదించాను. అది అన్నదే మళ్ళీ అంది. ఇలాంటి వాళ్ళతో నేను చాలాసార్లు వాదించాను, వాళ్ళు మనుషులే అనుకోండి. పోశెట్టి మొహం నల్లగా అయింది. "నా వల్లనే" అన్నాడు. చేతిని వెనక్కి దాచుకున్నాడు, ఏదో దొంగతనం చేసినట్టు. ఆ చెయ్యి దాచుకోవడం చూశాక కొంగతో వాదన ఆపేశాను. మీరు నమ్మరు, కానీ ఆపేశాను.

అప్పుడు ముస్తఫా వచ్చాడు, గొలుసు జోడించుకుని, చేతులు నల్లగా. సంగతి విన్నాడు. సైకిలు దిగి పోశెట్టి ముందు వీపు తిప్పి నిలబడ్డాడు.

"పోశెట్టి భాయ్, నా మీద గూడ ఓ చెయ్యెయ్యి."

"పిచ్చిలేసిందా? నీది గూడ రద్దయితది. నీలగొండి బాట పోతది."

"మా అమ్మ తుంటిల మోటరున్నది. పొద్దుగాల దర్గాకు ముండ్లల్లకెల్లి పోతది, ఎనబై ఏండ్ల ముసల్ది. గసువంటి బాట ఉంటేంది, పోతేంది? వెయ్యి అంటున్న గద!"

పోశెట్టి నా వైపు చూశాడు. నేను తలూపాను. అవును, నేనే, తలూపాను. చెయ్యి ముస్తఫా వీపు మీద పడింది. మెల్లగా ఒక అడుగు నెట్టాడు.

"నీలగొండి సవారీ రద్దు" అని అరిచింది కొంగ.

తర్వాత వాగ్దరి నుంచి వచ్చిన టీచరమ్మ సైకిలు పక్కన పడేసి వచ్చింది. "మా ఆయనకు రెండు మోకాళ్ళూ మోటర్లే" అంది. ఆమె వెనక ఇంకొకరు. అందరూ రాలేదు. ఒకాయన "మా ఊరోళ్ళు నన్ను సంపుతరు" అని దండం పెట్టి పెన్‌గంగ వైపు సాగిపోయాడు. ఆయన్ను ఏమీ అనలేం. మిగిలినవాళ్ళంతా వరస కట్టారు. కొత్త దంపతులు దీవెన కోసం నిలబడ్డట్టు వంగి నిలబడ్డారు. పోశెట్టి ఒక్కొక్కరి వీపు మీద చెయ్యి వేసి నెట్టాడు. రద్దు. రద్దు. రద్దు. కొంగ గొంతులో అలసట ఉండదు. అయినా చివరికి వచ్చేసరికి దాని మీద కూడా జాలేసింది.

"ఇప్పుడేం జేద్దాం?" అన్నాడు ముస్తఫా. మా ఊళ్ళన్నిటి బాటా పోయింది. మేము పోగొట్టాం. ఒక్క క్షణం అందరి మొహాల్లో అదే కనిపించింది.

పోశెట్టి లారీల వరుసల వైపు చూస్తున్నాడు. తెల్లగీతకు అవతల ఒకదాని వెనక ఒకటి, నున్నగా, ఆగకుండా పోతున్నాయి.

"ఓ సులోచనా. మనిషి గీత దాటొద్దు గద?"

"దాటొద్దు."

"నేను మనిషిని గాను గద?"

నేను అర్థం చేసుకునేలోపే గీత దాటాడు. లారీల వరుసలో నడిమధ్యకు నడిచి, మోకాళ్ళు కుయ్యిమనిపించి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మూడేళ్ళు కూర్చోలేకపోయిన మనిషి. వస్తున్న లారీ మెల్లగా వేగం తగ్గించి, ఆయన వెనక మర్యాదగా ఆగింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి.

"ముందున్న వాహనం ఆగిపోయింది" అంది మొదటి లారీ. "దయచేసి సమస్య తెలపండి."

"నా మోకాలు ఖరాబైంది" అన్నాడు పోశెట్టి. "మెకానిక్కు రావాలె. పెద్ద మెకానిక్కు."

ముస్తఫా నవ్వి నవ్వి బాట మీద పడ్డాడు. నేను సోంబాయి మేడంకు ఫోను చేశాను. ఆమె ఇప్పవాగులో ఇంటింటికీ కబురు చెప్పింది. ఇప్పుడు ఘాటు కింది నుంచి మా ఊరి మోటారు మోకాళ్ళన్నీ ఎక్కి వస్తున్నాయి, రొప్పు లేకుండా, ఆగకుండా. ఎక్కడానికి అవి ఎంత బాగా పనికొస్తాయో వైద్యపెట్టే మాకు చెప్పింది కదా. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గీత దాటి, ఒక్కో వరుసలో పాడైపోతున్నారు. బతుకంతా పొదల్లో నడిచిన మా మేనమామ నడిరోడ్డు మీద కాళ్ళు చాపుకుని చుట్ట వెలిగించాడు. లారీలు ఘాటు కింద చదునుదాకా నిలిచిపోయాయి. అవి ఇంత నిశ్శబ్దంగా ఉండడం ఈ దారిలో పుట్టినవాళ్ళెవరూ వినలేదు. పిట్టల అరుపు వినిపిస్తోంది.

దారి సంస్థ వాళ్ళు కొంగ నోటితో అడుగుతున్నారు, మీకేం కావాలని. ఇది చదివి వినిపిస్తున్నాను. గోడ మీద కూడా అంటించండి.

ఒకటి. మోకాలిలో ఏముందో చూసి మనిషిని నిర్ణయించడం ఆపాలి. బాట మీద నడిచే ప్రతి మనిషీ మనిషే. కొంగల చేత ఆ మాట పలికించాలి.

రెండు. రద్దు చేసిన సవారీలన్నీ చెల్లాలి. వీపుచెయ్యి ఎవరిదైనా వీపుచెయ్యే.

మూడు. బండలొద్ది బాట తిరిగి ఇవ్వాలి. రాజవ్వకు బర్రెను ఇవ్వాలి.

నాలుగు. ఫిజియోథెరపీ గది తెరిచి దాని తాళం సోంబాయి మేడం చేతికివ్వాలి. మోటారు కావాలన్నవాళ్ళకు మోటారు, వద్దన్నవాళ్ళకు మానడానికి వ్యవధి. రెండూ ఉచితంగా.

ఐదు. ఎవరి మోకాళ్ళనైనా వాళ్ళను అడక్కుండా ఆపకూడదు, ఆదివారమైనా సరే.

ఆరు. సవారీ షరతు ఎత్తేయాలి. మా ఊళ్ళో మేము నడవడానికి ఏటా పరీక్ష రాయం. నేను మాత్రం వచ్చే ఏడు కూడా తొక్కుతాను, నా ఇష్టం కొద్దీ.

ఏడు. ముందు నుంచి మూడో లారీలో చేపలున్నాయి, వాసన వస్తోంది. దాని తలుపు తెరవాలి. నా మోకాలికి ఐసు కావాలి.